రెండు గట్ల మాట

ఆదోనిలో ఆ వీధికి కుళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో దేవుడికి కూడా తెలియదు గానీ, ఉమాదేవి గొంతు మాత్రం పొద్దున్నే ఠంచనుగా వస్తుంది. కింది ఇల్లు ఆమెది, ఆమె భర్త జయరాంది. ఆయన మార్కెట్ యార్డులో పత్తి, వేరుశనగ వ్యాపారం చేస్తాడు. మేడ మీద ఒక గది, వంటకు ఒక మూల, ఇంత వరండా ఉన్నాయి. అందులో ఇంగ్లీషు టీచరు ప్రేమలత అద్దెకుంటుంది.

"టీచరమ్మా! ఉప్పైపోయింది. రోంత శాలరీ అనండి."

ప్రేమలత నోరు పుక్కిలించి, స్టీలు గిన్నె తెచ్చి మెట్ల మీద పెట్టి, "శాలరీ" అంటుంది. గిన్నెలోకి కల్లుప్పు జలజలా రాలుతుంది. ఉమాదేవి మెట్లెక్కి వచ్చి అందులోకి చూసి పెదవి విరుస్తుంది.

"ఇంతేనా? మీ స్కూలోళ్లు ఇంకా పెంచలేదన్నమాట."

ఎప్పుడో రోమ్‌లో సిపాయిల ఉప్పు ఖర్చుతో ముడిపడి పుట్టిన మాట అది. ప్రేమలత నోట కొన్ని ఇంగ్లీషు మాటలు వస్తే, అవి దేనిలోంచి పుట్టాయో అది వచ్చి ఎదుట వాలుతుంది. అన్ని మాటలకూ కాదు, కొన్నిటికే. చిన్నప్పటి నుంచీ ఇంతే. కొందరికి ఎడమచేతి వాటం ఉన్నట్టు ఆమెకు ఇది ఉంది. వీధిలో ఎవరూ దీన్ని వింతగా చూడరు. పనికొస్తుందా రాదా అన్నదే వాళ్లకు కావాలి. ఎండాకాలం కరెంటు పోయిందంటే ఆ వరసలోని ఆడవాళ్లంతా పిల్లల్ని చంకనేసుకుని మేడెక్కేస్తారు. "విండో అను మేడం, పిల్లోడు ఉడికిపోతాండాడు" అని బతిమాలతారు. ఆమె కిటికీ వైపు తిరిగి ఆ మాట అంటుంది. గాలికి కన్ను అని దానికి పాత అర్థం. ఏ చలిదేశందో ఒక గాలి గదిలోకి దూరి అందరి చెమటా ఆరబెడుతుంది. పిల్లలు నిద్రపోతారు. తల్లులు వాళ్లను ఎత్తుకుని దిగిపోతారు. ఆ తర్వాత గదిలో ప్రేమలత ఒక్కతే ఉంటుంది.

బడిలో మాత్రం ఈ విద్య చెల్లలేదు. ఒకసారి ఎనిమిదో తరగతి పాఠంలో బ్యాండికూట్ అనే మాట తగిలింది. అది అచ్చంగా మన పందికొక్కే. తెలుగువాళ్ల దగ్గర ఓడెక్కి వెళ్లి ఇంగ్లీషులో కాపురం పెట్టిన మాట. చదివీ చదవగానే బల్లల కింద నుంచి బలిసిన పందికొక్కు ఒకటి ఉరికింది. ఆడపిల్లలు బెంచీలెక్కారు, మగపిల్లలకు పండగైంది. హెడ్మిస్ట్రెస్ త్రివేణి ఆమెను గదిలోకి పిలిచి, కోప్పడకుండానే, "గ్రామర్ చెప్పండి చాలు మేడం" అంది. అప్పటి నుంచి ప్రేమలత మాటలు ఏరుకుని మాట్లాడసాగింది. మాటలు ఏరుకునే మనిషి దగ్గర ఎవరు మాత్రం ఎంతసేపు కూర్చుంటారు?

ఆమె అసలు అనని మాట ఒకటుంది. సారీ. చాక్‌పీసు కిందపడితే సారీ, బస్సులో కాలు తొక్కితే సారీ, మూడు నిమిషాలు ఆలస్యమైతే సారీ. స్టాఫ్ రూములో ఆ మాట రోజంతా ఈగల్లా తిరుగుతూ ఉంటుంది. ప్రేమలత నోట ఎవరూ వినలేదు. "ఎంత పొగరో చూడు" అనుకున్నారు తోటి టీచర్లు. మధ్యాహ్నం క్యారియర్లు విప్పేటప్పుడు ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉండిపోయేది. ఆ మాట పుండు అనే మాటలోంచి పుట్టిందని వాళ్లకేం తెలుసు? అందరికీ అది గాలిలో కలిసిపోతుంది. ప్రేమలత అంటే మాత్రం ఒళ్లు చీలుతుంది. ఆమె కుడి అరచేతిలో అడ్డంగా పాత మచ్చ ఉంది. ఆరో తరగతిలో, కొత్తగా ఇంగ్లీషు నేర్చుకుంటున్న రోజుల్లో, తోటిపిల్ల పలక తొక్కి సారీ అన్నప్పుడు పడిన గాయం అది. ఆ తోటిపిల్లే తన జడ రిబ్బను విప్పి చేతికి కట్టింది. కట్టి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "నాకు మాత్రం ఆ మాట ఎప్పుడూ సెప్పొద్దే" అని ఒట్టు వేయించుకుంది.

ఆ తోటిపిల్ల పేరు ఉరుకుందమ్మ. ఆమె సంగతికి వస్తాను.

సాయంత్రం బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, టీ పెట్టుకున్నాక ప్రేమలత గోడవైపు చూస్తూ "కంపానియన్" అనేది. ఒకే రొట్టె పంచుకు తినేవాళ్లని ఆ మాటకు మూలం. పళ్లెంలోకి రొట్టె వచ్చి పడేది. ఇద్దరికి సరిపోయేంత పెద్దది, కానీ రాయిలా గట్టిది. ఇద్దరి మాటను ఒక్కరే అంటే అది సగమే పండుతుందని ఆమెకు ఎప్పుడో అర్థమైంది. టీలో నానబెట్టుకుని సగం తినేది. మిగతా సగాన్ని పొద్దున కాకులకు వేసేది. కాకులు కూడా ఒక్కోసారి వదిలేసి పోయేవి. ఆ ఒంటరితనం ఆమెకు అలవాటైపోయిందని అందరూ అనుకునేవారు. ఆమె కూడా అలాగే అనుకోవడానికి ప్రయత్నించేది గానీ, అలవాటు కాలేదు.

ఇలాంటిదే ఇంకో మాట రైవల్. ప్రత్యర్థి అని పిల్లలకు అర్థం చెప్పేది. కానీ లావుపాటి డిక్షనరీలో దాని పుట్టుక చూసిన రోజు ఆమె ఆ పుటను మళ్లీ మళ్లీ చదివింది. ఒకే వాగు నీళ్లు వాడుకునేవాళ్లని దాని మూలం. ఇరుగుపొరుగు చేలవాళ్లు, నీళ్ల దగ్గర రోజూ మొహాలు చూసుకునేవాళ్లు. ఒకరోజు గదిలో ఆ మాట అని చూసింది. నేల మీద సన్నటి తడి గీత పాకింది, అంతే. మరునాడు కింద కప్పులో చెమ్మ కనబడిందని ఉమాదేవి గొడవ చేసింది. ఆ తర్వాత ప్రేమలత మళ్లీ అనలేదు.

ఇక ఉరుకుందమ్మ సంగతి. గోనెగండ్లకు ఇవతల ఒక పల్లె వాళ్లది. ఊరి బయట వానాకాలం పారే వంక. ఈ గట్టున ప్రేమలత నాయన సామ్సన్ చేను, ఆ గట్టున ఉరుకుందమ్మ నాయన నరసప్ప చేను. నీళ్లు పలచబడ్డాక వంతులవారీగా పారించుకునేవారు. వంతు కొలవడానికి ఆ ఊళ్లో గడియారాన్ని నమ్మరు. ఒక్కో వాచీ ఒక్కో టైము చూపిస్తుందని వాళ్ల ఫిర్యాదు. అడుగున సన్నటి బెజ్జం ఉన్న టెంకాయ చిప్పను నీళ్ల తొట్టిలో వదిలేవారు. బెజ్జంలోంచి నీళ్లు ఎక్కి చిప్ప మునిగితే వంతు అయిపోయినట్టు. అప్పుడు ఇవతలివాళ్లు చేలోకి నీళ్లు మళ్లే మడవ మూసి, అవతలివాళ్లు తెరవాలి.

గొడవ వచ్చిన ఏడు ఇద్దరికీ పాతికేళ్లు రాని వయసు. ఆ ఏడాది నీళ్లు మరీ తక్కువ. సామ్సన్ మంచంలో ఉన్నాడు. వేరుశనగ ఆకు ముడుచుకుంటోంది. ఉరుకుందమ్మ వంతు నడుస్తోంది, చిప్ప ఎంతకూ మునగడం లేదు. పొద్దు వాలిపోయింది. ప్రేమలతకు ఓపిక చచ్చి చిప్పను పైకెత్తి చూస్తే బెజ్జంలో మన్ను. "మన్ను పెట్టి మూసినావు, దొంగదానా" అని నలుగురి ముందూ అరిచింది. "నేను ముట్టలేదు" అంది ఉరుకుందమ్మ.  పెద్దమనుషులు కూర్చుని ఆ పంటకు నరసప్ప చేనికి వంతు తీసేశారు. చేను ఎండింది. ఆ ఏడే ఆ ఇంటివాళ్లు మొదటిసారి సుగ్గికి పోయారు. సుగ్గి అంటే ఇల్లు తాళం పెట్టి, తట్టాబుట్టా లారీలో వేసుకుని, గుంటూరు వైపు మిరపకోతలకు వలసపోవడం. ప్రేమలత ఆదోనికి వచ్చేసింది. ఇద్దరి మధ్యా మళ్లీ మాటల్లేవు. ఆమె మూసిందా, మూయలేదా అన్న అనుమానం మాత్రం ప్రేమలతతోనే ఆదోనికి వచ్చి, అదే గదిలో కాపురముంది.

కార్తీకం వెళ్లిన ఒక ఆదివారం, చర్చి నుంచి వస్తుంటే ఉమాదేవి గుమ్మంలోనే ఆపింది.

"మీ ఊరోళ్లు మా ఆయన అంగడికి వచ్చినారు టీచరమ్మా. వంక ఎండిందంట, ఊరు సగం సుగ్గికి పోతాండాదంట. ఎవరో ఉరుకుందమ్మ అంట, మొగుడు పోయినాక ఒక్కతే సేద్యం చేస్తాండాదంట, ఆమె కూడా ఈ మాపటికి పోతాండాదంట. ఈసారి మళ్లా రానని చెప్పిందంట. మీకు తెల్సా ఆమె?"

"తెల్సు."

"ఏమైతాది మీకు?"

ప్రేమలత పైకి వెళ్లింది. మంచం మీద కూర్చుంది. ఆమె పోతే తనకు ఎవరు మిగులుతారో లెక్కేసుకుంది. స్నేహితురాలు ఎప్పుడో పోయింది. ఇప్పుడు శత్రువు కూడా పోతోంది. ఒకరి మీద కోపమున్నా ఆ మనిషి ఫలానా చోట ఉందన్న ధైర్యం ఉంటుంది. అదీ లేని మనిషి ఎలా బతకాలి? లేచి సంచి తగిలించుకుని బస్టాండుకు నడిచింది.

ఎమ్మిగనూరులో బస్సు మారాలి. అక్కడ టీ తాగుతుంటే తను ఏం చెప్పడానికి పోతోందో తనకే తెలియదని తట్టింది. పోలేక వెనక్కి తిరిగే ఆలోచన కూడా వచ్చింది. గోనెగండ్ల బస్సు కండక్టరు "ఎక్కేదుంటే ఎక్కమ్మా, ఆలోచించేది లోపలికొచ్చి ఆలోచించు" అన్నాడు. ఎక్కింది.

నాయన చేను బీడుపడి, సర్కారు కంప మొలిచి ఉంది. కంప తప్పించుకుంటూ గట్టు దాకా వెళ్లింది. వంకలో ఇసుక తెల్లగా ఎండిపోయి ఉంది. అవతలి గట్టు మీద, వాడిన ఉల్లిచేని పక్కన కొట్టం ముందు, ఉరుకుందమ్మ గోనె సంచిలో గిన్నెలూ దుప్పట్లూ కుక్కి, దబ్బనంతో మూతి కుడుతోంది. జుట్టు బాగా నెరిసింది. తలెత్తి చూసింది. దబ్బనం ఆగలేదు.

"దావ తప్పినావేమో. ఆదోని అట్లుండాది."

"నీ దగ్గరికే వచ్చినా. సుగ్గికి పోతాండావంట."

"పోక ఈడుండి ఏం తినాల? గడ్డ ఊరే టయానికి నీళ్లు లేకపాయ. ఎర్రగడ్డలు గోలీలంత గూడా కాలేదు సూడు. మాపటికి లారీ వస్తాది."

"ఈ వయసులో మోకాళ్లు పట్టుకుని యాడ పోతావు ఉరుకుందా?"

అప్పుడు ఆగింది దబ్బనం. ఉరుకుందమ్మ లేచి గట్టు అంచుకు వచ్చి నిలబడింది.

"నా మోకాళ్ల సంగతి నీకెందుకే? ఇన్నేండ్లు బతికినానా సచ్చినానా అని సూడనిదానివి. ఇప్పుడు ఏమైతానని వచ్చినావు? సుట్టమా? సావాసగత్తెనా? సెప్పు, నేను నీకేమైతాను?"

ప్రేమలత నోరు తెరిచింది. చుట్టం కాదు. సావాసం తనే తెంపుకుంది. ఇద్దరి మధ్యా వంక నోరెండి పడి ఉంది. ఇన్నేళ్లలో తామిద్దరికీ సరిపోయే మాట ఆమెకు ఒక్కటే దొరికింది.

"రైవల్‌వి."

ముందు ఇసుక రంగు మారింది. తర్వాత ఎగువ నుంచి చప్పుడు వినబడింది. చెత్తనూ ఎండుటాకులనూ తోసుకుంటూ ఎర్రటి నీళ్లు వచ్చాయి. ఇద్దరి కాళ్ల ముందు నుంచీ పారుకుంటూ కిందికి పోయాయి. దిగువన మేకలు కాస్తున్న ఆడమనిషి ఎవరో "ప్రేమలత వచ్చినట్లుండాదే" అని పక్కామెతో చెప్పి, బిందె తేవడానికి ఊళ్లోకి పోయింది.

ఉరుకుందమ్మ నీళ్లకేసి చూసింది, ప్రేమలతకేసి చూసింది.

"ఈ ఒక్క మాట మూడేండ్ల ముందు, కరువు పట్టినప్పుడే వచ్చి అనుంటే నీ సొమ్మేం పోతాండెనే?"

"ఒక్కదాన్నే అంటే రాదు. నువ్వు ఉండాల."

ఉరుకుందమ్మ కొట్టంలోకి వెళ్లింది. ఆమె కనుమరుగు కాగానే నీళ్లు పలచబడ్డాయి. మళ్లీ బయటికి వచ్చేసరికి పుంజుకున్నాయి. ఆమె చేతిలో మట్టి తొట్టి, పొగచూరిన టెంకాయ చిప్ప ఉన్నాయి. తొట్టిని వంకలోనే ముంచి నింపి, గట్టు మీద పెట్టి, చిప్పను అందులో వదిలింది.

"మొదటి వంతు సామ్సన్ చేనిది. మడవ తియ్యి."

"నాది బీడు గదా ఉరుకుందా. కంపకు నీళ్లెందుకు? నీ ఎర్రగడ్డలకు పెట్టుకో."

"తియ్యమంటే తియ్యి. మళ్లా ఎవురన్నా నన్ను దొంగ అంటే పడేదానికి నాకు ఓపిక లేదు."

ఆ మాట ప్రేమలతకు సూటిగా తగిలింది. కంపల్లో చేతులు పెట్టి, పాత మడవ వెతికి, మన్ను తోడింది. నీళ్లు బీడులోకి మళ్లాయి. ఇద్దరూ చెరో గట్టున కూర్చున్నారు. చిప్ప తొట్టిలో తేలుతోంది. ఎర్రగడ్డల చేను అక్కడే, నీళ్లకు జానెడు దూరంలో, నోరు తెరుచుకుని ఉంది. కంప చెట్లు మాత్రం తాగుతున్నాయి. కొంగ ఒకటి వచ్చి బీడులో దిగింది. ఎండ తల మీది నుంచి వీపు మీదికి వచ్చింది. చిప్ప మునగలేదు.

ఉరుకుందమ్మ కన్నెత్తి కూడా చిప్ప వైపు చూడలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని వంకనే చూస్తూ కూర్చుంది.

ప్రేమలత ఇంక ఉండబట్టలేక నీళ్లలో దిగి అవతలికి దాటి, చిప్పను పైకెత్తింది. బెజ్జంలో ఎర్రటి ఒండ్రు మెత్తగా పేరుకుని ఉంది. పైనుంచి కొత్తగా వచ్చిన నీళ్లలోని ఒండ్రు అది. ఎవరి చెయ్యీ పడలేదు. తన కళ్ల ముందే, తను చూస్తుండగానే, అది తనంతట తనే మూసుకుంది.

చిప్పను చేతిలో అటూ ఇటూ తిప్పింది. ఆనాడు ఎండిన చేను గుర్తొచ్చింది. లారీ వెనక సామాన్ల మీద కూర్చుని పోతున్న నరసప్ప మొహం గుర్తొచ్చింది.

"నువ్వు ముట్టలేదు," అంది.

"ఆ పొద్దే సెప్తి."

తప్పైంది అనొచ్చు. అందరూ అనే మాటే. నోరు నొప్పి పుట్టకుండా వస్తుంది, అన్నాక చేతులు దులుపుకుని పోవచ్చు. అందుకే అది చాలదనిపించింది ఆమెకు. ఈ మనిషి ఇన్నేళ్లు పడినదానికి తనవైపు నుంచి ఏదో ఒకటి ఊడిరావాలి.

"సారీ, ఉరుకుందా."

అరచేతిలో పాత మచ్చ ఈ కొస నుంచి ఆ కొస దాకా విచ్చుకుంది. నెత్తురు మణికట్టు మీదుగా కారి చిప్పలో పడింది. నొప్పికి ఆమె మోకాళ్ల మీద కూలబడింది. ఉరుకుందమ్మ ఒక్క ఉదుటున లేచి వచ్చింది.

"ఏం పని సేస్తివే! ఆ మాట నాకు సెప్పొద్దని సెప్తి గదా! ఆరో తరగతిలోనే సెప్తి గదా నీకు!"

పమిట కొంగు చర్రున చించింది. గాయాన్ని వంక నీళ్లతో కడిగి, కొట్టంలోంచి పసుపు తెచ్చి అద్ది, గట్టిగా కట్టు కట్టింది. కడుతున్నంతసేపూ తిడుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది. ప్రేమలత కూడా ఏడ్చింది. ఇద్దరూ ఒకే గట్టు మీదికి వచ్చేశారు కదా, వంక ఆగిపోతుందేమోనని మధ్యలో భయమేసి తిరిగి చూసింది. ఆగలేదు.

ఉరుకుందమ్మ ముక్కు చీదుకుని, అవతలికి పోయి బీడు మడవ మూసి వచ్చి తన మడవ తెరిచింది. నీళ్లు ఎర్రగడ్డల సాళ్లలోకి బిరబిరా పోయాయి. అవి ఆ చివరి సాలు దాకా చేరేవరకూ నిలబడి చూసి, వచ్చి కూర్చుంది.

"మళ్లా నువ్వు పోతే నీళ్లు పోతాయి గదా?"

"శనివారం మాపటికి వస్తా. ప్రతి వారం వస్తా."

"మరి ఆదివారం నీ చర్చి?"

"ఈడ చర్చి లేదా ఏంది? మా నాయన పాట పాడిన చర్చే గదా."

దూరంగా రోడ్డు మీద లారీ వచ్చి ఆగింది. హారన్ మోగింది. ఆగి ఆగి మళ్లీ మోగింది. ఉరుకుందమ్మ అటు తిరగలేదు. ఇందాక తను కుట్టిన గోనె సంచి మూతిని దబ్బనం కొనతో విప్పుతోంది. దుప్పట్ల కింద నుంచి దారికని కట్టుకున్న సద్దిమూట తీసింది. జొన్నరొట్టె, ఎర్రగడ్డ, పచ్చికారం. ప్రేమలత చెయ్యి చాచబోయి, కట్టు చూసుకుని ఆగింది.

"కుడిచెయ్యి పాడు చేసుకుంటివి. ఇంగ ఎట్ల తింటావు?"

రొట్టె ఇద్దరికి సరిపోయేంత ఉంది. అలవాటు కొద్దీ ప్రేమలత నాలుక చివరికి రోజూ సాయంత్రం గోడవైపు చూస్తూ అనే మాట వచ్చింది. బయటికి వచ్చేలోపే ఉరుకుందమ్మ రొట్టెను సగానికి తుంచి, కారం అద్ది, ముద్ద ఆమె నోట్లో పెట్టింది. రోడ్డు మీద లారీ ఇంకోసారి హారన్ కొట్టి వెళ్లిపోయింది.